మెకార్ట్నీ బాస్‌ను పాటలు పుట్టిన వరసలోనే నేర్చుకోవడం: నా అనుభవం

బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ పాటల్లోని బాస్ (లోతు స్వరాలు పలికే నాలుగు తీగల గిటార్) నేర్చుకోవాలనుకునేవాళ్లు చాలామంది నేరుగా వాళ్ల చివరి రోజుల పాటలైన ‘సమ్‌థింగ్’ మీదో ‘కమ్ టుగెదర్’ మీదో పడతారు. నేనూ అక్కడే మొదలుపెట్టి రెండు వారాలకు ఆపేశాను. వేళ్లకు స్వరాలు అందుతున్నాయి, కానీ వినబడేది ఆ బాస్ కాదు. తర్వాత పాటలు రికార్డయిన వరస పట్టుకుని 1963 నుంచి 1969 దాకా వెళ్లాను. ఆ బృందంలో బాస్ వాయించిన పాల్ మెకార్ట్నీ చేతిలో వాద్యం మారినప్పుడల్లా, స్టూడియోలో టేపు మీద ట్రాకులు (విడివిడిగా రికార్డు చేసుకునే వరసలు) పెరిగినప్పుడల్లా అతని బాస్ మారింది. ఆ మార్పు పుస్తకం చదివితే తెలిసేది వేరు, చేతికి తెలిసేది వేరు. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. రోజుకు రెండు విడతలు, విడతకు 25 నిమిషాలు. అంతకు మించితే ఎడమచేతి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలయ్యేది.

ముందు వాద్యం సంగతి. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఉండగా అప్పటి బాసిస్టు స్టూ సట్‌క్లిఫ్ బృందాన్ని వదిలి బొమ్మలు వేసుకోవడానికి వెళ్లిపోయాడు. బాస్ వాయించేవాడు లేకుండా పోయాడు. మిగతావాళ్లలో ఎవరికీ దాని మీద మోజు లేదు, చివరికి అది మెకార్ట్నీ మెడకు చుట్టుకుంది. ఖరీదైన అమెరికన్ ఫెండర్ బాస్ కొనే స్తోమత లేదు. హాంబర్గ్‌లోనే ఒక దుకాణంలో దాదాపు 30 పౌండ్లకు హాఫ్నర్ 500/1 అనే బాస్ దొరికింది. అతనిది ఎడమచేతి వాటం. ఆ బాస్ వయొలిన్‌లా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమచేతికి తిప్పి పట్టుకున్నా వికారంగా కనబడదు. ఆ మొదటి వాద్యం 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి దొంగల పాలైంది. మళ్లీ అతని చేతికి చేరిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. 1963 నుంచి వేదికల మీద మనం చూసేది రెండో హాఫ్నర్.

అతని ఎడమచేతి వాటం మనకు ఒక సదుపాయం. కుడిచేతి వాళ్లం వీడియో చూస్తూ నేర్చుకునేటప్పుడు అతను మనకు అద్దంలో ప్రతిబింబంలా కనబడతాడు. అతని చెయ్యి తెర మీద ఎటు కదిలితే మన చెయ్యీ అటే కదలాలి. మిగతా బాసిస్టుల వీడియోల్లో ఈ సుఖం ఉండదు.

నేను వాడింది ఆ ఆకారపు చవక నకలు. లోపల బోలు, తీగ పొడవు 30 అంగుళాలు. మామూలు ఫెండర్ తరహా బాస్‌కు 34 అంగుళాలు. నాలుగంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ ఒకటో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) నుంచి నాలుగో ఫ్రెట్‌కు దూరం పొట్టి బాస్ మీద సుమారు 114 మిల్లీమీటర్లు, పొడుగు దాని మీద 130. చూపుడువేలి నుంచి చిటికెనవేలి దాకా ఫ్రెట్‌కొక వేలు పెట్టడం మొదటి దాని మీద తేలిక. రెండో దాని మీద ఆ కింది స్థానాల్లో ఉంగరపు వేలిని, చిటికెన వేలిని కలిపి ఒకే వేలిలా వాడాలి. లేకపోతే మణికట్టు పోతుంది.

హాఫ్నర్ తరహా బాస్‌లో కొత్తవాళ్లను ఏడిపించేది బ్రిడ్జి. అది తీగలను కింద నుంచి మోసే చెక్క ముక్క, అంటించి ఉండదు, తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. మొదటిసారి తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పాను. బ్రిడ్జి జారి చేతిలోకి వచ్చింది. ఎక్కడుండేదో గుర్తు లేదు. తిరిగి పెట్టి శ్రుతి చేస్తే ఓపెన్ తీగలు సరిగ్గా ఉన్నాయి, ఏడో ఫ్రెట్ దాటాక ప్రతి స్వరమూ తప్పుతోంది. సరిచేసే పద్ధతి ఇది: పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు ముట్టుకుని మీటి, అప్పుడు వచ్చే సన్నటి స్వరాన్ని (హార్మోనిక్) వినాలి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి వినాలి. నొక్కిన స్వరం పైకి ఉంటే బ్రిడ్జిని తోక వైపు జరపాలి, కిందికి ఉంటే మెడ వైపు. లావు తీగకూ సన్న తీగకూ విడివిడిగా చూసుకోవాలి, అందుకే బ్రిడ్జి చివరికి కాస్త వాలుగా నిలబడుతుంది. కుదిరాక దాని పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకుంటే మళ్లీ ఈ తంటా ఉండదు. తీగలు మార్చాల్సి వస్తే ఒకటి విప్పి, ఒకటి బిగించి, తర్వాతే రెండోది.

తీగలు ఫ్లాట్‌వౌండ్ కావాలి, అంటే పైన చుట్టిన లోహం నున్నగా బల్లపరుపుగా ఉండేవి. మామూలు గరుకు తీగలతో ఈ శబ్దం ఎన్నటికీ రాదు. పొట్టి బాస్‌కు పొడుగు బాస్ తీగలు కొనకండి. లావు భాగం శ్రుతి చేసే మర చుట్టూ తిరగాల్సి వచ్చి, అక్కడే విరుగుతుంది. ఏ తీగనైనా చివర కత్తిరించే ముందు తొంభై డిగ్రీలు వంచి ఆ వంపు దాటాక కొయ్యాలి. వంచకుండా కోస్తే పైచుట్టు లోపలి తీగ మీద వదులై తీగ మూగబోతుంది. నాది లావు తీగ అలాగే పోయింది.

తీగ ఎత్తు పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకు రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగకు రెండు ఉంచాను. కోస్తాలో వానాకాలం రాగానే మెడ వంపు మారి ఈ లెక్క తప్పుతుంది. మెడలోని ఇనుప కడ్డీని ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకుండా, ఒక రాత్రి ఆగి చూసుకున్నాను.

ఇక స్పాంజి. పాత్రలు తోముకునే మెత్తటి స్పాంజిని ఆరు సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ముక్కగా కోసి, బ్రిడ్జికి ఆనించి తీగల కింద దూర్చాను. దాంతో స్వరం ‘డుమ్’ అని మొదలై వెంటనే కుదించుకుపోతుంది. మందం ఎక్కువైతే తీగను పైకి నెట్టి శ్రుతి పెంచుతుంది, స్వరం అర సెకను కూడా నిలవదు. తీగను కేవలం తాకేంత మందం చాలు. మెకార్ట్నీ తర్వాత వాడిన రికెన్‌బాకర్ బాస్‌లో ఈ ఏర్పాటు బ్రిడ్జిలోనే మరలతో వచ్చేది. మీటడానికి ఒక మిల్లీమీటరు మందం పిక్ (తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ల) తీసుకున్నాను. మెకార్ట్నీ వేళ్లతోనూ బొటనవేలితోనూ వాయించినా స్టూడియోలో ఎక్కువగా పిక్కే వాడాడు.

వినడం గురించి రెండు కిటుకులు చెబుతాను. బాస్ గిటార్ అతి లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకరుకు అది అందదు, హెడ్‌ఫోన్ తప్పనిసరి. అయినా గజిబిజిగా ఉంటే, నెమ్మది చేసే సాఫ్ట్‌వేర్‌లో పాటను ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి, స నుంచి పై స దాకా) పైకి జరిపి వినండి. గొంతులు కీచుమంటాయి గానీ బాస్ గిటారులా స్పష్టంగా బయటపడుతుంది. రెండోది, మొదటి రెండు ఆల్బముల స్టీరియో ప్రతులు. అవి రెండు ట్రాకుల టేపు మీద రికార్డయ్యాయి, వాద్యాలన్నీ ఎడమ వైపు, గొంతులు కుడి వైపు. కుడి చెవిది తీసేస్తే చాలు. 1966 నాటి ‘రివాల్వర్’ ఆల్బమ్ అయితే 2022లో వచ్చిన కొత్త మిక్స్ వినండి, కలిసిపోయిన వాద్యాలను కంప్యూటర్‌తో విడదీసి చేసింది, బాస్ చాలా తేటగా ఉంటుంది.

1963 పాటలతో మొదలు. ‘ఐ సా హర్ స్టాండింగ్ దేర్’ ఆ ఏడాది ఫిబ్రవరి 11న రికార్డయింది, ఒక్కరోజులో పది పాటలు చేసిన రోజది. ఇందులో బాస్ నడక చక్ బెర్రీ ‘ఐయామ్ టాకింగ్ అబౌట్ యు’ నుంచి ఎత్తుకున్నదని మెకార్ట్నీయే చెప్పాడు. బీట్‌కు రెండు స్వరాలు, కార్డులోని, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులోని, స్వరాలే ఎక్కుతూ దిగుతూ పాట పొడుగునా ఆగవు. వేగం నిమిషానికి 160 బీట్ల దాకా. ఇక్కడ తప్పేది కుడిచెయ్యి. అన్నీ కిందికి మీటితే రెండో నిమిషానికి ముంజేయి బిగుసుకుపోతుంది. కిందికీ పైకీ మార్చి మీటితే పైకి మీటిన స్వరాలు పలచబడతాయి. 110 వేగంతో మొదలుపెట్టి రోజుకు నాలుగు చొప్పున పెంచాను, రెండు మీటులూ ఒకే బరువుతో వినబడేదాకా పెంచలేదు.

‘ఆల్ మై లవింగ్’ బీట్‌కు ఒకటే స్వరం, జాజ్ బాస్ నడకలాంటిది. మెకార్ట్నీ తండ్రి కుర్రతనంలో సొంత జాజ్ బృందం నడిపినవాడు, ఇంట్లో పియానో ఉండేది, ఈ నడక అక్కడి నుంచి వచ్చిందనే నా ఊహ. స్వరాలు సులువే. కష్టమేమిటంటే పక్కన బృందంలోని జాన్ లెనన్ గిటార్ బీట్‌కు మూడు చొప్పున పరుగెడుతుంటుంది. అది చెవిలో పడగానే మన బాస్ కూడా పరుగు అందుకుంటుంది. గిటార్ వినడం మానేసి డ్రమ్మర్ రింగో హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే తాళాల జత) ఒక్కటే పట్టుకున్నాక కుదిరింది.

1965 మీద ఎక్కువ ఆగలేదు. ‘డ్రైవ్ మై కార్’లో గిటారూ బాసూ ఒకే పలుకు పలుకుతాయి, ఆ ఆలోచన బృందంలోని గిటారిస్టు జార్జ్ హారిసన్‌ది, ఓటిస్ రెడింగ్ ‘రెస్పెక్ట్’ విని వచ్చింది. ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’లో రెండు బాసులున్నాయి, ఒకటి మామూలుది, ఒకటి ఫజ్ పెట్టి బొంగురు చేసింది. మామూలుదే నేర్చుకున్నాను.

1966లో వాద్యం మారింది, నేనూ మార్చాను. మెకార్ట్నీ చేతికి 1965లోనే వచ్చిన రికెన్‌బాకర్ 4001ఎస్ ఇప్పుడు ముందుకొచ్చింది, తీగ పొడవు 33 అంగుళాల పావు, గట్టి చెక్క, స్వరం అంచు పదును. నా దగ్గరున్న 34 అంగుళాల గట్టి బాస్‌కు స్పాంజి పెట్టి వాడాను. ఏప్రిల్‌లో చేసిన ‘పేపర్‌బ్యాక్ రైటర్’లో బాస్ అంతకుముందు ఏ బీటిల్స్ రికార్డులోనూ లేనంత గట్టిగా ఉంటుంది. బాస్ మరీ పెరిగితే రికార్డు మీద ముల్లు గెంతుతుందని బీటిల్స్ రికార్డు చేసే ఈఎంఐ స్టూడియోలో భయపడేవాళ్లు. ఇంజినీర్లు ఒక పెద్ద లౌడ్‌స్పీకర్‌నే మైకులా తిప్పి కలిపి బాస్ ఆంప్ ముందు పెట్టారు. స్పీకరూ మైకూ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి కాబట్టి అది సాధ్యం, పెద్ద కోను లోతైన శబ్దాన్ని బాగా పట్టుకుంటుంది. ఇంట్లో ఆ పని చేయనక్కర్లేదు. పిక్‌ను మెడ దగ్గరి పికప్ మీదికి జరిపి, కంప్రెసర్ (బిగ్గర స్వరాలను తగ్గించి సమం చేసే పరికరం) నాలుగుకు ఒకటి చొప్పున పెడితే దగ్గరగా వచ్చింది.

అదే నెలలో చేసిన ‘రెయిన్’తో కలిసి వాయిస్తే ఎంత శ్రుతి చేసినా కలవడం లేదు. వెనక వాద్యాలను వేగంగా వాయించి రికార్డు చేసి, తర్వాత టేపును నెమ్మదిగా తిప్పారు. అందుకే ఆ డ్రమ్ములకు అంత బరువు. శ్రుతి కూడా మన ట్యూనరు గీతల మీద పడదు. ట్యూనర్ కట్టేసి, పాటలో నిలిచే స్వరానికి తీగలు కలుపుకోవాలి.

‘టాక్స్‌మన్’లో చిక్కు ఆక్టేవ్ దూకుడు. మూడో తీగ ఐదో ఫ్రెట్ మీద డి స్వరం, ఒకటో తీగ ఏడో ఫ్రెట్ మీద పై డి. మధ్యనున్న రెండో తీగ ముట్టకపోయినా మోగుతుంది. చూపుడువేలి కొనతో కింది స్వరం నొక్కి, ఆ వేలి లోపలి కండను మధ్య తీగ మీద ఆనించి మూగ చేయాలి. పదిహేను రోజులు దీనికే పోయాయి. పాట హారిసన్‌ది, గిటార్ సోలో కూడా మెకార్ట్నీదే కావడం తమాషా.

1967 దగ్గర అసలు మార్పు. ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్ రోజులకు ఎక్కువ పాటల్లో బాస్‌ను చివర్న, అందరూ వాయించి పాడేశాక, విడి ట్రాకు మీద వేసేవాళ్లు. 1963లో డ్రమ్ములు, గిటార్లు, బాస్ ఒకేసారి టేపు మీదికి వెళ్లేవి, గొంతు ఎక్కడ ఆగుతుందో తెలియకుండా దిట్టంగా నడవడమే బాస్ పని. చివర్న వాయించేవాడికి ఎక్కడ ఖాళీ ఉందో ముందే తెలుసు. దీన్ని పరీక్షించడానికి ‘విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్’ను రెండు రకాలుగా రికార్డు చేశాను. మొదట ఉత్త మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) మీద, తర్వాత గిటారూ గొంతూ వేశాక వాటిమీద. స్వరాలు అవే. మొదటి దాంట్లో సగం పలుకులు గొంతు మీద పడి రెండూ మసకబారాయి, రెండో దాంట్లో చేయి తనంతట తానే అక్కడ కుదించుకుంది. ఎక్కడ మొదలవుతుందన్నంత ముఖ్యం స్వరం ఎక్కడ ఆగుతుందన్నది.

కార్డు మూలస్వరాన్ని వదిలేయడం కూడా ఈ కాలంలోనే బాగా పెరిగింది. అమెరికన్ రికార్డు కంపెనీ మోటౌన్ బాసిస్టు జేమ్స్ జేమర్సన్‌ను, 1966లో బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’లో బ్రయాన్ విల్సన్ రాసిన బాస్‌ను తన గురువులుగా మెకార్ట్నీ చెప్పుకున్నాడు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు దీన్ని గ్రహభేదంతో పోల్చి చెప్పొచ్చు. స్వరాలు అవే ఉంచి షడ్జాన్ని జరిపితే రాగం మారినట్టు, పైన సి మేజర్ కార్డు అలాగే ఉండగా కింద బాస్ ‘ఎ’ (A) అనే స్వరం పలికితే చెవికి అది ‘ఎ’ మైనర్ సెవెన్త్ అనే వేరే కార్డు అయిపోతుంది. పైవాళ్లెవరూ వేలు కదపరు, భావం మారుతుంది. ‘లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్’ చరణంలో ‘ఎ’ (A) కార్డు కింద బాస్ ఎ, జి, ఎఫ్ షార్ప్, ఎఫ్ అని దిగడం వింటే వెంటనే పట్టుబడుతుంది. ఆ పాట చరణం మూడు బీట్లది, పల్లవి నాలుగు బీట్లది. మధ్యలో రింగో కొట్టే మూడు దెబ్బలు లెక్కపెట్టుకోకపోతే మొదటి బీట్ ఎక్కడో తెలియక దిక్కులు చూడాలి.

‘పెన్నీ లేన్’ బి మేజర్‌లో మెట్టు మెట్టుగా దిగే నడక. తర్వాత అదే చరణంలో బి మైనర్‌లోకి జారుతుంది. నేను చేసిన తప్పు స్థానం మార్చేటప్పుడు చెయ్యి ఎత్తడం. ఎత్తినచోట స్వరం తెగి, మెట్ల మీద కాలు జారినట్టుంటుంది. వేలిని తీగ మీదే ఉంచి జరపాలి.

ఈ దశలోనే, వాయిస్తూ పాడటం మొదలుపెట్టాక, ఒక సంగతి గమనించాను. మెకార్ట్నీ తాను ముఖ్యగాయకుడైన పాటల్లో, ‘ఆల్ మై లవింగ్’, ‘పెన్నీ లేన్’ లాంటివాటిలో, బాస్‌ను ఎక్కువగా బీట్‌కు ఒకటి చొప్పున నడిపిస్తాడు. బాస్ ఎగిరి తిరిగేది ఇతరులు పాడేవాటిలో: ‘రెయిన్’, ‘లూసీ’ లెనన్‌వి, ‘విత్ ఎ లిటిల్ హెల్ప్’ రింగో పాడింది, ‘టాక్స్‌మన్’, ‘సమ్‌థింగ్’ హారిసన్‌వి. ‘పేపర్‌బ్యాక్ రైటర్’ లాంటి మినహాయింపులున్నాయి, అవి చివర్న వాయించే పద్ధతి మొదలవుతున్న కాలానివి. వేదిక మీద పాడుతూ వాయించాల్సినవాడి లెక్క ఇది. పాడుతూ వాయించాలంటే ముందు బాస్ వాయిస్తూ ఎవరితోనైనా మాట్లాడగలగాలి, మాటకు చెయ్యి తడబడకూడదు. తర్వాత పాట మాటలను రాగం లేకుండా లయకు పలకాలి. రాగం చివర్న. ఈ వరస తప్పించి నేరుగా పాడితే గొంతు బాస్ స్వరాన్ని పట్టుకుంటుంది, లేదా చేయి పాటను పట్టుకుంటుంది.

1969 ‘సమ్‌థింగ్’కు తిరిగొచ్చేసరికి ఏడో నెల. మొదట్లో గందరగోళంగా అనిపించిన పలుకులన్నీ హారిసన్ గొంతు ఆగిన ఖాళీల్లోనే ఉన్నాయని అప్పుడు వినబడింది. కార్డు సి నుంచి సి మేజర్ సెవెన్త్, సి సెవెన్త్ మీదుగా ఎఫ్‌కు చేరుతుంది. బాస్ ఆ చేరికకు దారి వేసి, గొంతు రాగానే నోరు మూసుకుంటుంది. 60 శాతం వేగంలో గొంతుతో కలిపి నేర్చుకున్నాను, బాస్ ఒక్కటే విడిగా నేర్చుకోలేదు. ఈ పాటకు స్పాంజిని సగం వెనక్కి లాగాను, స్వరాలు కాస్త నిలవాలి కదా.

ఇప్పుడు చేతిలో ఉన్నది 1976లో మెకార్ట్నీ తన తర్వాతి బృందం వింగ్స్‌తో చేసిన ‘సిల్లీ లవ్ సాంగ్స్’. ఇందులో బాసే ముందు నిలబడుతుంది, పాడేదీ మెకార్ట్నీయే. బాస్ వాయిస్తూ పక్కవాళ్లతో మాట్లాడే పరీక్ష దగ్గరే మూడు వారాలుగా ఆగిపోయి ఉన్నాను.